గడప ముందు కొబ్బరాకు దొప్ప

మా ఆయనకు నారాయణఖేడ్‌లో ఎరువుల దుకాణం. విత్తనాలు, పురుగుమందులు కూడా అమ్ముతాడు. ఈ వ్యాపారం తెలియని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. చెప్పినంత సరుకు అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లే ఏటా ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. అందుకే మా వైపు చార్మినార్ ఎక్కని వాళ్లు కూడా బ్యాంకాక్ చూసి ఉంటారు. మా ఆయన రెండుసార్లు చూశాడు. ఏం చూశావని అడిగితే మాత్రం "ఏముంది, బిల్డింగులు" అంటాడు.

ఆ ఏడు ఇద్దరికి బాలి టూరు వచ్చింది. భార్యాభర్తలు పోవాలని కంపెనీ ఉద్దేశం. తేదీలు సరిగ్గా కందికి మందు కొట్టే రోజుల్లో పడ్డాయి. కౌంటరు వదిలితే గిరాకీ మొత్తం ఎదురు దుకాణానికి పోతుందని మా ఆయన భయం. "నువ్వు, అమ్మ పోయి రాండ్రి" అన్నాడు. అత్తాకోడళ్లను ఒకే గదిలో పెట్టి సముద్రం అవతలికి పంపే ధైర్యం మగవాళ్లకే ఉంటుంది.

అత్తమ్మ కాదంటుందని అనుకున్నాను. కాదనలేదు. దానికో కారణం ఉంది. కొన్నాళ్ల క్రితం కంపెనీ సారు ఒకాయన మా దుకాణం ముందు రైతులకు మీటింగు పెట్టాడు. మన నల్లరేగడి మట్టి ఊరికే రాలేదని, ఎన్నో యుగాల కింద భూమి లోపలి నుంచి నిప్పు పొంగి, చల్లారి రాయై, ఆ రాయి అరిగి అరిగి ఈ మట్టి అయిందని చెప్పాడు. రైతులకు చాయ్ పోస్తున్న అత్తమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బతుకంతా ఆ మట్టిలో కలుపు తీసింది, ఈ మాట ఎవరూ చెప్పలేదు. బాలిలో ఇప్పటికీ పొగలు కక్కే గుట్ట ఉందని విన్నాక ఇక ఆగలేదు. "గా అగ్గి గుట్ట నేను జూడాలె" అంది.

అత్తమ్మ నెమ్మదైన మనిషి. నేను కాదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, మాట నాలుక మీద ఉంటుంది. ఆమె నవ్వినా మాట్లాడినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పై వరుసలో ముందు పళ్లు రెండు లేవు. కట్టుడు పళ్లు పెట్టిద్దామంటే ఏళ్ల తరబడి వద్దంటూనే ఉంది. పెళ్లైన కొత్తలో ఎట్లా పోయాయని అడిగితే "రాయి తాకింది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో టూరు మనుషులంతా కలిశారు. అందరూ మా జిల్లా డీలర్లు, వాళ్ల ఇంటివాళ్లు. మనూర్ వైపు దుకాణం ఉన్న ఒకాయన, భార్యను, ఐదారేళ్ల కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ భార్య అత్తమ్మను పదే పదే చూసి చివరికి దగ్గరకు వచ్చింది.

"నువ్వు మా అమ్మగారి ఊరి పక్కన ఉంటుంటివి గద పెద్దమ్మా? చిన్నప్పుడు నిన్ను జూసినట్టున్నది."

"ఉంటి" అంది అత్తమ్మ. అంతే. విమానం ఎక్కి దిగేదాకా మళ్లీ నోరు విప్పలేదు. మొదటిసారి ఎక్కింది కదా, భయమేమో అనుకున్నాను.

బాలిలో మా హోటలు పెద్ద బిల్డింగు కాదు. పెంకుటిళ్ల మాదిరి గదులు వరుసగా, వాటి ముందు పొడుగాటి వరండా, చుట్టూ అరటి చెట్లు. మొదటి రోజు పొద్దున చెట్లు చూద్దామని అత్తమ్మ తలుపు తీసింది. తీసిన చేత్తోనే మూసి గొళ్లెం పెట్టింది.

"ఏమైందత్తమ్మా?"

"గడప ముందల వెట్టిండ్రు. నువ్ దాటకు."

నేను తలుపు తీసి చూశాను. అరచేయంత కొబ్బరాకు దొప్ప. అందులో రంగురంగుల పూలు, నాలుగు అన్నం మెతుకులు, ఒక చిన్న బిస్కెటు. పైన అగరుబత్తి వెలుగుతోంది. చూడముచ్చటగా ఉంది. కానీ మా ప్రాంతంలో పుట్టి పెరిగిన వాళ్లకు అది ముచ్చటగా కనబడదు. మా దగ్గర గడప ముందో, నాలుగు తొవ్వలు కలిసే కాడో పూలు, అన్నం, నిమ్మకాయ కనబడితే అర్థం ఒక్కటే. గిట్టని వాళ్లెవరో చేతబడి చేసి పెట్టారని. దాన్ని దాటితే దాటిన వాళ్లకు, తొక్కితే తొక్కిన వాళ్లకు. నేను డిగ్రీ దాకా చదివాను, ఇవన్నీ నమ్మనని పదిమందిలో వాదిస్తాను. అయినా ఎత్తిన కాలు నాకు తెలియకుండానే వెనక్కి వచ్చింది.

తర్వాత తల తిప్పి చూస్తే వరండా పొడుగునా ప్రతి గది ముందు అదే దొప్ప. నవ్వొచ్చింది. "ఇంతమందికి ఒక్కపారే చేతబడి చేసెటంత ఓపిక ఎవరికుంటదత్తమ్మా? ఇది వీళ్ల పూజ కావచ్చు" అని నేను స్నానానికి పోయాను.

వచ్చేసరికి అత్తమ్మ గదిలో లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. అంతలోనే ఆమె గబగబా లోపలికి వచ్చింది. పత్తి ఏరేటప్పుడు కట్టుకున్నట్టు కొంగును ఒడిలా కట్టుకుంది. ఆ ఒడి నిండా దొప్పలే. వరండాలో ఉన్నవన్నీ ఏరుకొచ్చింది. బీరువా తెరిచి, నా మడత చీరల పక్కన వాటిని దాచడం మొదలుపెట్టింది. కొన్ని అగరుబత్తుల నుంచి ఇంకా పొగలు వస్తూనే ఉన్నాయి.

"ఏం జేస్తున్నవత్తమ్మా! చీరలు కాలిపోతయ్!"

"అందరు లేవక ముందుకే తీసేసిన. జూస్తే నేనే వెట్టిన అంటరు బిడ్డా."

నేను అగరుబత్తులను ఒక్కొక్కటే తీసి నీళ్లలో ఆర్పాను.

రాయి తాకిందన్న మాట వెనుక కథను మా ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, అదీ సగం సగం. మామ పాము కరిచి చనిపోయేనాటికి మా ఆయన చంటిపిల్లవాడు. ఆ ఏడే ఊళ్లో ఒకరి బిడ్డకు విడవని జ్వరం వచ్చింది. వాళ్ల గడప ముందు నిమ్మకాయ, పసుపు బియ్యం కనబడ్డాయి. అత్తమ్మ రోజూ తెల్లారకముందే ఆ ఇంటి ముందు నుంచే చేనుకు పోయేది. మొగుడు లేని ఆడది, చీకట్లో ఒంటరిగా తిరుగుతుంది. ఇంకేం రుజువు కావాలి? మా వైపు చేతబడిని బాణామతి అంటారు. పళ్లు ఊడితే మంత్రం నోట సరిగ్గా పలకదని, ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ల పళ్లు రాలగొట్టేవాళ్లు. అత్తమ్మకు రాయితో కొట్టారు. రాయి తాకిందన్నది అబద్ధం కాదు.

కొన్నాళ్లకు ఆ బిడ్డకు జ్వరం దానంతట అదే తగ్గింది. చూశారా, పళ్లు ఊడగొట్టాకే తగ్గిందని ఊరు ఊరంతా అనుకుందట. ఇక అక్కడ బతకలేక అత్తమ్మ కొడుకును చంకనేసుకుని నారాయణఖేడ్‌కు వచ్చింది. మార్కెట్ దగ్గర హమాలీలకు వండిపెట్టి, కలుపు కూలీకి పోయి వాణ్ని పెంచింది. ఖేడ్‌లో ఈ కథ ఎవరికీ తెలియదు. తెలియకుండా ఆమె పడిన జాగ్రత్తలు నేను కళ్లారా చూశాను, అర్థం మాత్రం బాలిలో ఆ పొద్దునే అయింది. పరాయి పిల్లలను ఎత్తుకోదు. ఎవరింట్లో పిల్లలకు బాగాలేకపోయినా ఆ గడప తొక్కదు. నా పిల్లలకు దిష్టి తీయమంటే, సొంత నానమ్మ అయి ఉండి, పక్కింటామెను పిలుచుకొచ్చింది. బద్ధకమని అప్పట్లో నేను పుట్టింట్లో చెప్పుకుని నవ్వాను కూడా.

"ఎవరు జూడలే గద?" అని అడిగాను.

"జూసింది. గా మనూర్ దిక్కు ఆమె. ఆమె గడప ముందల వంగంగనే తలుపు దీసింది."

అత్తమ్మ బీరువా తలుపు దగ్గరగా వేసింది. పళ్లు పోయిన నాటి నుంచి దాచుకున్న మాట ఈ టూరు మనుషుల నోట పడి ఖేడ్‌కు చేరుతుందని, కొడుకు దుకాణం ముందు నలుగురూ నిలబడి చెప్పుకుంటారని ఆమె భయం. అది ఉత్త భయం కాదని నాకూ తెలుసు.

కాసేపటికి గదులు ఊడ్చే ఆమె వచ్చింది. నడివయసు మనిషి, నడుముకు పసుపుపచ్చ గుడ్డ కట్టుకుని ఉంది. కొద్దిగా తెరిచి ఉన్న బీరువాలో దొప్పలను చూసి బిత్తరపోయింది. మమ్మల్ని ఒకసారి, వాటిని ఒకసారి చూసింది. పోయి, తట్ట నిండా కొత్తవి తెచ్చి మళ్లీ గడప గడపకూ పెట్టుకుంటూ పోయింది. ఒక్కో దాని ముందు కూర్చుని చేతులు జోడించింది. అత్తమ్మ కిటికీ తెర సందులోంచి అదంతా చూసింది. "దాసుకుంట లేదు. అందరు జూస్తుంటనే వెడ్తున్నది" అంది తనలో తాను.

ఆ రోజు మమ్మల్ని కొండల మీద అడవికి తీసుకెళ్లారు. అడవంటే మాకు తెలిసింది మోదుగు చెట్లు, ముళ్లపొదలు. ఇది వేరు. చెట్టు మీద చెట్టు మొలిచింది. దాని మీద తీగ, తీగ మీద నాచు. ఖాళీగా ఉన్న చోటంటూ లేదు. ఒక్క ఆకు తలపై పట్టుకుంటే ఇద్దరం తడవకుండా పోవచ్చు. జలపాతం కనబడక ముందే చాలాసేపు దాని చప్పుడు వినబడింది. మా డీలర్లు మాత్రం డీలర్లే. "ఈడ కలుపుమందు దుకాణం వెడితే సాలు, తరతరాలు కూసోని తినొచ్చు" అని ఒకాయన అంటే మిగతావాళ్లు పడీపడీ నవ్వారు.

అత్తమ్మ జారే మెట్ల మీద చెప్పులు చేత పట్టుకుని వట్టికాళ్లతో దిగింది. కిందికి పోయి నీళ్ల తుంపర్లకు రెండు చేతులూ చాపి నిలబడింది. "గీ తడిల సగం మన కంది చేనుకు వస్తే ఎంత బాగుండు" అంది. పొద్దుటి సంగతి కాసేపు మరిచిపోయిందని నాకు సంతోషమైంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు మలుపులు తిరుగుతుంటే మనూర్ ఆమె కూతురు వాంతి చేసుకుంది. ఆమె వెంటనే మా ముందు సీట్లోంచి లేచి, పిల్లను ఎత్తుకుని వెనక్కి పోయింది. పక్కనున్న ఆమెతో మాకు వినబడేలాగే అంది. "పొద్దుగాల్ల గీమె మా గడప ముందల వంగింది. గప్పటిసంది పోరికి బాగలేదు. గీమె సంగతి మా దిక్కు అందరికి ఎరుకే."

నేను నడిచే బస్సులో లేచి నిలబడ్డాను.

"ఏం ఎరుకక్కా? గట్టిగ జెప్పు, అందరు ఇంటరు! మీ పోరి పొద్దటిసంది ఐస్‌క్రీం మీద ఐస్‌క్రీం తిన్నది. గది ఎరుకనా నీకు?"

ఆమె మొగుడు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. అత్తమ్మ నా కొంగు పట్టి లాగింది. "కూసో బిడ్డా. నువ్ లొల్లి జేస్తే తెల్వనోళ్లకు గూడ తెలుస్తది."

కూర్చున్నాను. ఒళ్లు మండిపోతోంది. నిజం చెప్పాలంటే అత్తమ్మ మీద కూడా మండింది. తప్పు చేసినవాళ్లు బస్సులో దర్జాగా కూర్చుంటే, దెబ్బ తిన్న మనిషి కొంగు చాటున దాక్కోవడమేమిటి? కానీ పళ్లు పోయింది నాకు కాదు.

మరుసటి రోజు అగ్గి గుట్ట. దాన్ని బటూర్ అంటారు. ముందు ఎత్తైన గట్టు మీద ఆపి చూపించారు. కింద కనుచూపు మేర పెద్ద గుంట, అందులో ఒక పక్కన చెరువు, మధ్యలో గుట్ట. గుట్ట కొస నుంచి సన్నగా పొగ లేస్తోంది. గుట్ట పక్కల నుంచి నల్లటి రాయి వరదలా దిగివచ్చి, అక్కడికక్కడే గడ్డకట్టి ఉంది. మమ్మల్ని జీపుల్లో ఆ నల్లరాళ్ల మధ్యకు తీసుకెళ్లారు. ముందు రోజు చూసిన పచ్చదనానికి ఇక్కడ పూర్తి విరుద్ధం. అక్కడక్కడా రాళ్ల సందుల్లో గడ్డి పోచలు తప్ప ఏమీ మొలవలేదు. రాళ్లు చెప్పుల్లోంచి కూడా గుచ్చుకుంటున్నాయి.

అత్తమ్మ ఒక రాయి తీసుకుని చేతిలో ఎగరేసి చూసింది. "నల్లరాయే. మన చేన్ల దున్నితే తేలే రాయి అసువంటిదే. గని గిది తేలికున్నది, నిండ తొర్రలున్నయ్." మళ్లీ దాన్ని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టింది.

అక్కడ మనిషి నడుమెత్తు రాతి గద్దె ఒకటి, దానికి పసుపు గుడ్డ చుట్టి ఉంది. మా గైడు జేబులోంచి అగరుబత్తి తీసి, జీపులోంచి రెండు కొబ్బరాకు దొప్పలు తెచ్చాడు. ఒకటి గద్దె మీద, ఒకటి కింద రాళ్ల మీద పెట్టాడు. మనవాళ్లను తిప్పీ తిప్పీ అతనికి హిందీ అబ్బింది. అత్తమ్మకు వచ్చింది ఖేడ్ మార్కెట్ ఉర్దూ. నేను చూస్తుండగానే ఆమె కొంగు సర్దుకుని అతని దగ్గరకు పోయింది.

"ఏ కాయ్‌కు రఖ్తే బాబూ?" అని అడిగింది. ఇవి ఎందుకు పెడతారని.

ప్రతి ఇంట్లో ఆడవాళ్లు రోజూ పెడతారని అతను చెప్పాడు. పైన పెట్టేది దేవుళ్లకు. కింద పెట్టేది కింద ఉండి ఇబ్బంది పెట్టే వాటికి. వాటికీ ఆకలి ఉంటుంది కదా, తిని ఎవరి జోలికీ రాకుండా చల్లగా ఉంటాయి.

అత్తమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. అతనికి అర్థం కాలేదు. నేను మళ్లీ అడగవలసి వచ్చింది. "ఒక ఇంటి ముందు ఇది పెట్టాక, ఆ ఇంట్లో బిడ్డకు జబ్బు చేస్తే, పెట్టిన ఆడమనిషిని ఏం చేస్తారు?"

అతను నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ప్రశ్న మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"ఏం చేస్తారమ్మా? ఏమీ చేయరు. పెట్టిన వాళ్లను ఎవరడుగుతారు? పెట్టని వాళ్లనే అడుగుతారు, ఎందుకు పెట్టలేదని" అన్నాడు. తర్వాత, తెలియని వాళ్లకు చెప్పినట్టు, "మా అమ్మ పెడుతుంది. మా ఆవిడా పెడుతుంది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని జీపు దుమ్మును తిట్టాను. అత్తమ్మ ఏడవలేదు. ఆ రాళ్ల మీదే కూర్చుని గుట్ట మీది పొగను చాలాసేపు చూసింది. మనూర్ ఆమె ఇంకో జీపు దగ్గర నిలబడి ఫొటోలు దిగుతోంది. కూతురు రాళ్ల మీద గంతులేస్తోంది. పిల్లకు ఏ జబ్బూ లేదు. తిరిగి వచ్చేటప్పుడు చెరువు ఒడ్డున వేడినీళ్ల ఊట దగ్గర ఆపారు. అత్తమ్మ కాళ్లు ముంచి, "కింద ఇంక పొయ్యి ఆరలే" అంది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున లేచేసరికి పక్క మంచం ఖాళీ. మళ్లీ దొప్పలు ఏరుతోందేమోనని జుట్టు ముడేసుకుంటూ బయటికి పరుగెత్తాను.

వరండా చివరి మెట్ల మీద గదులు ఊడ్చే ఆమె కూర్చుని కొబ్బరాకు మడుస్తోంది. పక్కనే అత్తమ్మ. ఆమె చేతిలోనూ ఒక ఆకు. మోదుగాకు విస్తర్లు కుట్టిన చేతులే గానీ కొబ్బరాకు కొత్త కదా, దొప్ప వంకరగా వచ్చింది. గదులు ఊడ్చే ఆమె నవ్వి దాన్ని సరిచేసి, పూలు, మెతుకులు, బిస్కెటు పెట్టి, అగరుబత్తి వెలిగించి ఇచ్చింది. అత్తమ్మ రెండు చేతులతో పట్టుకుని లేచింది. నన్ను చూసింది గానీ ఆగలేదు. మా గది దాటింది. మనూర్ ఆమె గది ముందు ఆగింది. వంగి, దొప్పను గడప ముందు పెట్టింది.

పెట్టి వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. తలుపు కొట్టింది.

తలుపు తెరుచుకుంది. విరబోసుకున్న జుట్టుతో మనూర్ ఆమె. మొదట అత్తమ్మను, తర్వాత గడపను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అత్తమ్మ కొంగు భుజం మీదే ఉంది.

"నేనే వెట్టిన. ఎవలు వెట్టిండ్రో అని పరేషాన్ గాకు. నీ బిడ్డ సల్లగుండాలె అని వెట్టిన. ఊర్ల ఎవలన్న అడిగితే గూడ జెప్పు, ఆమెనే వెట్టింది, నేను జూసిన అని."

మనూర్ ఆమె చూపు అత్తమ్మ నోటి మీదే ఉంది, ఆ రెండు పళ్లు లేని చోట. ఇంతలో తల్లి కాళ్ల సందులోంచి పిల్ల బయటికి దూరి వచ్చింది. దొప్ప ముందు గొంతుక్కూర్చుని బిస్కెటు తీసుకుంది. తల్లి చెయ్యి పిల్ల చేతి మీదికి పోయి, మధ్యలో ఆగింది.

పిల్ల తలెత్తి అత్తమ్మను చూసింది.

"తిను" అంది అత్తమ్మ.

పిల్ల తిన్నది. తల్లి ఆపలేదు. అత్తమ్మ నవ్వింది. కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా ఆమె నవ్వును నేను పూర్తిగా చూసింది అప్పుడే.